మగ్గం ఆగిన చప్పుడు

హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరెక్కి, సగం రాయలసీమంత నా ఒళ్లును కిటికీ పక్కన ఇరికించాను. ఎదురు సీట్లో ఒక కాలేజీ అమ్మాయి ఫోన్లో ఏదో చీకటి గదుల సినిమా ఎడిట్ చేసుకుంటోంది.

"దయ్యం సినిమానా పాపా? వేషానికి మనిషి కావాలంటే నేనుండా గదా," అన్నాను.

ఆమె నవ్వలేదు. "కాలేజీ ప్రాజెక్టు అంకుల్, ఈపొద్దే ఇయ్యల్ల. భయం సినిమా అంటే భయపెట్టే మ్యూజిక్ ఉండల్ల, అదే రూలు, లేకుంటే మార్కులియ్యనంటాడు మా సారు. పెట్టల్లో వద్దో మీరే ఇని చెప్పండి."

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. తెర మీద ఖాళీ వంటిల్లు. పక్క గదిలోంచి మగ్గం టకటకలాడుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. పెనుకొండ కొండంత నా గుండె బఠాణీ గింజంత అయింది.

"ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాల్యా. మగ్గం ఆగితే పోగు తెగిందనుకుంటాం మా ఇంట్లో. ఆ పొద్దూ అవ్వ అట్లే అనుకొని, పోయి చూళ్యా. నాయన మగ్గం మీదే ఒరిగిపోయినాడు."

"మ్యూజిక్ వద్దు తల్లీ," అన్నాను.

ధర్మవరం రాకముందే ఆమె దాన్ని అట్లాగే పంపేసింది. మార్కులెన్నొచ్చాయో తెలీదు.

ఇప్పటికీ మా ఇంట్లో మిక్సీ ఆగితే లేచి వంటింట్లోకి తొంగి చూస్తాను. "చట్నీ ఇంకా కాలేదు," అంటుంది మా ఆవిడ. ఆ మాట విన్నాకే కూర్చుంటాను.