శకుంతలమ్మ కొట్టిన గంట

శకుంతలమ్మకు కాలు ఒకచోట నిలవదు. మా ఊరు సురంగల్ చర్చిలో ప్రసంగం సాగుతుంటే చాప అంచు పీకుతూ కూర్చునేది, మా అమ్మ పక్కనుంచి గిచ్చేది. అలాంటి మనిషి ఆ ఏడాది చర్చి గడపే తొక్కలేదు.

హైటెక్ సిటీ ఉద్యోగులు మా చుట్టూ పొలాలు కొని ఫాంహౌస్‌లు కట్టుకుంటున్న రోజులవి. ఆదివారం వాళ్లకు సెలవు, మావాళ్లకు నడుము విరిగే పని. శకుంతలమ్మ అలాంటి ఒక ఇంట్లో వంటమనిషి. ఏడింటికల్లా పొయ్యి దగ్గర ఉండాలి. ఆరాధన మాత్రం తాతల నాటి నుంచి పది గంటలకే. ఆ వేళకు చర్చిలో మిగిలేది ముసలివాళ్లూ, గోడలూ.

సంఘపెద్ద స్వామిదాసు దీనికి భక్తి తగ్గడమని పేరు పెట్టాడు. మా సంఘంలో ఏడాదిపాటు ప్రభువు బల్లకు, అంటే పాస్టరు రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనకు, రానివారి పేరు ఈస్టర్‌నాడు సభ్యుల పుస్తకంలోంచి తీసేస్తారు. పేరు లేకపోతే చర్చి సమాధుల తోటలో చోటు లేదు. శకుంతలమ్మ భర్త అక్కడే ఉన్నాడు, పక్కన ఆమెకు జాగా వదిలి. ఈసారి తన పేరు పోతుందని తెలిసిన రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

“తెల్లారి ఐదింటికి తలుపు తీయున్రి పెద్దయ్యా. ఆరాధన చేస్కొని పనికి పోతం.”

“దేవుడు నీ డ్యూటీ టైముకు రావాల్నా?”

చేవెళ్ల నుంచి నెలకోసారి వచ్చే పాస్టరయ్యగారు, సంఘపెద్ద ఒప్పుకుంటే తాను ఐదింటికే వస్తానన్నారు. పెద్ద ఒప్పుకోలేదు. ఆమె ఊరుకునే రకమా? మరుసటి ఆదివారం తెల్లవారుజామున వెళ్లి తాళం వేసిన చర్చి మెట్లమీద ఒంటరిగా పాడింది. పై వారం ఇద్దరు తోడయ్యారు. రెండు నెలలకు పదకొండు మంది. ఎన్నడూ నోరు విప్పని ఆడవాళ్లు అక్కడ గొంతెత్తి ప్రార్థించారు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం వచ్చింది. ఇంకొక్క వారం. శకుంతలమ్మ ఓపిక నశించింది. మెట్ల పక్కన వేలాడే, మగవాళ్లు తప్ప ముట్టని గంట తాడు పట్టుకొని లాగింది. బరువైన గంట అది. ఒక్కో దెబ్బకు ఆయాసపడి, ఆగి, మళ్లీ లాగింది. ఆరాధనకు మా గంట రెండేసి దెబ్బలుగా మోగుతుంది. ఆగి ఆగి ఒక్కొక్కటే మోగితే అది చావు కబురు. ఆ ఆవేశంలో ఆమెకది తోచలేదు.

ఊరంతా పరుగెత్తుకొచ్చింది. చావు గంట మోగితే తలుపు తీయాల్సింది సంఘపెద్దే కాబట్టి స్వామిదాసు చెప్పులైనా లేకుండా తాళంచెవితో వచ్చాడు.

“ఎవరు పోయిన్రు?”

శకుంతలమ్మ తాడు వదిలింది. “ఎవ్వరు పోలే పెద్దయ్యా. రేపు నేను పోతే మీరు గీ గంట కొట్టరు గద. గందుకే నా చేతులతోటి నేనే కొట్టుకున్న అనుకోండ్రి.”

స్వామిదాసు కోపంగా మెట్లవైపు తిరిగాడు. పదకొండు మందిలో ఆయన కోడలు సమత కూడా ఉంది, ఫాంహౌస్ వాళ్లిచ్చిన నీలం చీరలో, తలవంచుకొని. పనికని చెప్పి ఆమె వారం వారం వస్తున్నది ఇక్కడికే. ఆయన తాళం తీసి, తలుపు బార్లా తెరిచి ఇంటికి వెళ్లిపోయాడు.

ఈస్టర్‌నాడు, సంఘపెద్ద పంపిన కబురందుకొని పాస్టరయ్యగారు ఐదింటికి వచ్చేసరికి స్వామిదాసు గంట దగ్గరే ఉన్నాడు. శకుంతలమ్మను పిలిచి తాడు చేతిలో పెట్టాడు.

“రెండు రెండు గుంజాలె బిడ్డా. మల్ల ఊరిని బెదరగొట్టకు.”

“మరి నా పేరు?”

“పుస్తకంల ఉన్నది. జల్ది గుంజు, నీకు ఏడింటికి పనున్నది.”