పచ్చసొన

ఉదయగిరిలో రిటైరైన దయాసాగర్ మాస్టారు ఆత్మకూరు బస్సులో పేపరు రాగానే కత్తెర తీస్తాడు. గుండెపోటు, పక్షవాతం మీద ఏ పరిశోధన వచ్చినా కత్తిరించి, అన్నం మెతుకుతో వంటింటి గోడకు అతికిస్తాడు. పచ్చసొన గుండెకు చేటని తొంభై ఆరులో చదివినప్పటి నుంచి గుడ్డులో తెల్లసొన తాను తిని, పారేస్తే పాపమని పచ్చసొన భార్య లిదియమ్మ కంచంలో వేస్తున్నాడు.

మూడేళ్ల తరువాత ఒకనాడు పేపరులో ముందే కంత పడి ఉంది.

"ఈడేముండిందే?"

"మేకల జబ్బు సంగతయ్యా. పక్కింటి వెంగమ్మ అడిగితే కత్తిరించి ఇచ్చినాను."

రోజుకో గుడ్డు తింటే గుండెకు భయం లేదన్న ఆ ముక్క లిదియమ్మ బైబిలులో భద్రంగా ఉంది.

భోజనానికి ముందు మాస్టారు కళ్లు మూసుకుని, "పచ్చసొన తినే ఈమె గుండెను కాపాడు తండ్రీ" అని ప్రార్థించాడు.

"ఆమెన్" అంది లిదియమ్మ, నోట్లో పచ్చసొనతో.