సెట్టు మామ్మ

మా నాయనమ్మకు ఇంగ్లీషులో వచ్చింది ఒకే ఒక్క మాట. సెట్. ఆ ఒక్క మాటతోనే ఆవిడ సంసారం నడిపింది, వైద్యం చేసింది, వీధిలో తగాదాలు తీర్చింది, కొన్ని పెట్టింది కూడా. అందుకే అందరూ ఆవిడను సెట్టు మామ్మ అంటారు. అసలు పేరు పోస్టుమాన్ ఒక్కడికే తెలుసు. అతను కూడా ఈ మధ్య మర్చిపోయినట్టున్నాడు, ఉత్తరం వస్తే "సెట్టు మామ్మగారూ" అనే కేకేస్తున్నాడు.

పొద్దున్నే టీ కప్పు నా చేతిలో పెట్టి "సెట్?" అనేది. చక్కెర సరిపోయిందా అని. నేను మొహం చిట్లిస్తే "సెట్" అంటూ కప్పు లాక్కుని తనే తాగేసేది. నీ మొహానికి ఇదే ఎక్కువ అని. గాజుగ్లాసులో నానుతున్న పళ్ళు తీసి నోట్లో బిగించుకుని, దవడ అటూ ఇటూ ఆడించి మళ్ళీ "సెట్" అనేది. పళ్ళు పెట్టుకోకముందు కూడా అదే మాట. కాకపోతే అప్పుడది "తెత్" అని వినపడేది.

గొళ్ళెం సరిగ్గా పడితే సెట్. పడకపోతే గొళ్ళేనికి వేలు చూపించి "సెట్ చేస్తా నీ పని" అనేది. నాకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు ఆలోచించి "సెట్" అనేది. మంచం దిగి బడికి పొమ్మని దానర్థం. సాయంత్రం ఎర్రబడిన సూర్యుణ్ణి చూపించి కూడా "సెట్" అనేది. తొమ్మిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసినదాన్ని, నాకేం తెలుసు. సూర్యుణ్ణి కూడా ఎవరో మరమేకు వేసి బిగిస్తున్నారేమో అనుకునేదాన్ని.

ఒకసారి మేడ మీదాయన మొక్కలకు నీళ్ళు పోస్తే, ఆ నీళ్ళు కింద ఇస్త్రీ ఆయన మడతపెట్టిన చొక్కాల మీద పడ్డాయి. ఇద్దరూ వీధికెక్కారు. నాయనమ్మ మధ్యలో దూరి మేడ మీదాయన భుజం తట్టి "సెట్" అంది. ఇస్త్రీ ఆయన వైపు తిరిగి తలాడిస్తూ "సెట్" అంది.

"చూశావా, మామ్మగారు కూడా నాదే న్యాయం అన్నారు" అని మేడ మీదాయన.

"అన్నది నాతో అయ్యా, నీతో కాదు" అని ఇస్త్రీ ఆయన.

ఎవరికి వాళ్ళు గెలిచినట్టు మీసాలు దువ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఎవరిది న్యాయమని నేనడిగితే నాయనమ్మ ఏమందో చెప్పక్కర్లేదు.

మా ఇంటి ముందు గదుల్లోనే మా దుకాణం. సోఫాలు, బల్లలు, కుర్చీలు చేస్తాం. నాన్న కోత, బిగింపు చూస్తాడు. వార్నిష్ పని పాలిష్ మామది. ఆయన మాకు చుట్టం కాదుగానీ చుట్టానికన్నా ఎక్కువ దెప్పుతాడు. దూది కూరడం, కవర్లు కుట్టడం నా వంతు. గుమ్మం పక్కన చేతుల కుర్చీలో తాతయ్య ఉంటాడు. కొత్త కుర్చీ తయారయ్యాక ఆయన అందులో కూర్చుంటాడు. వెనక్కి వాలతాడు, ఇటూ అటూ ఊగుతాడు, కళ్ళు మూసుకుంటాడు. బాగుంటే కుర్చీ చేతి మీద ఒక్క చరుపు చరిచి "సెట్" అంటాడు. బాగాలేకపోతే లేచి చక్కా పోతాడు. ఆయన నోట ఆ మాట పడనిదే మా గుమ్మం నుంచి కుర్చీ కదలదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే చట్టం.

తాతయ్య అయితే ఆ మాట తప్ప మరొకటి అనడు. పెళ్ళాం నుంచి అంటుకుందని వీధిలో అందరి నమ్మకం.

"దగ్గు అంటుకోవడం చూశాను, తుమ్ము అంటుకోవడం చూశాను" అనేవాడు పాలిష్ మామ. "మాట అంటుకోవడం ఈ ఇంట్లోనే చూస్తున్నా. పాపం పెద్దాయన."

నేనూ అలాగే అనుకున్నాను. నాయనమ్మ నోరు సందు ఇస్తే గదా ఆ మనిషికి ఇంకో మాట నేర్చుకునే తీరిక దొరికేది.

ఇద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మాత్రం చూసి తీరాలి.

"సెట్?" అనేది నాయనమ్మ.

"సెట్."

"సెట్టా?"

"సెట్ సెట్."

ఆ పైన ఇద్దరూ నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఎందుకో నాకర్థమయ్యేది కాదు. జడ సరిగ్గా ఉందా లేదా అని అద్దం దగ్గరికి పరుగెత్తేదాన్ని.

నాన్నకు మాత్రం ఒళ్ళు మండేది. "నీకు వచ్చిన మాటలన్నీ ఏ అటక మీద పడేశావమ్మా" అని విసుక్కునేవాడు. ఏ మాటలో, ఏ అటకో నేను పట్టించుకోలేదు.

ఇంతలో ఒక పెద్ద హోటలు వాళ్ళు భోజనాల గదికి కుర్చీలు చేయించుకోవాలని మా దుకాణం చూడ్డానికి వస్తామన్నారు. నాన్న నేల మీద నిలవడం మానేశాడు. దుకాణం కడిగించాడు, నాకు తల దువ్వించాడు, పాలిష్ మామకు కొత్త చొక్కా తొడిగించాడు. అన్నీ అయ్యాక నాయనమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఈ ఆర్డరు వస్తే మనం ఒడ్డున పడతాం. పోతే ఈ చలికాలానికి దుకాణం మూసుకోవడమే. రేపు మేనేజరు ముందు ఆ మాట అనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. చూసినవాళ్ళు ఇది దుకాణమా, పిచ్చాసుపత్రా అనుకుంటారు."

నాయనమ్మ ఒకసారి గుమ్మం వైపు, తాతయ్య వైపు చూసింది.

"సరే నాయనా" అంది.

పాలిష్ మామ చేతిలో గుడ్డ జారి డబ్బాలో పడింది.

మర్నాడు మేనేజరు వచ్చాడు. మెడలో టై, చంకలో తోలు సంచీ. వచ్చీ రాగానే ఇంగ్లీషు అందుకున్నాడు. నాన్న "యెస్ సార్" అన్నాడు. ఇంకా ఏదో అడిగితే ఇంకోసారి "యెస్ సార్" అన్నాడు. అది అవునని చెప్పాల్సిన ప్రశ్న కాదనుకుంటాను, ఎందుకంటే మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు టీ పళ్ళెంతో నాయనమ్మ వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, కొంగు సవరించుకుని, నోరు విప్పింది. ఆ ఇంగ్లీషు రేకుల కప్పు మీద వాన పడ్డట్టు గడగడా పడింది. చెక్క ఎక్కడిది, దూది ఎన్నేళ్ళు ఆగుతుంది, ఎప్పటికి ఇస్తాం, అన్నీ చెప్పేసింది, మధ్యలో జోకు వేసింది, మేనేజరు నవ్వాడు కూడా. నాకు అర్థమైనవి టీ, ప్లీజ్, ఈ రెండే. మొత్తంలో సెట్ అన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు.

మేనేజరు బడిపిల్లాడిలా సర్దుకుని కూర్చున్నాడు. "మేడమ్, మీరు ఎక్కడైనా పనిచేశారా?" అన్నాడు తెలుగులోకి దిగి.

"టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో బాబూ, పెళ్ళికి ముందు. ఊరు ఊరంతా నా చెవిలోంచే మాట్లాడుకునేది."

నేను నోరు తెరిచింది మూయలేదు. నాన్న మాత్రం ఆశ్చర్యపోలేదు. అటక సంగతి నాకప్పటికి బోధపడింది.

బేరం దాదాపు కుదిరింది. నమూనా కుర్చీ ఒకటి తీసుకెళ్ళి యజమానికి చూపిస్తానన్నాడు మేనేజరు. నాన్న తాతయ్యకు సైగ చేశాడు. తాతయ్య వచ్చి కూర్చున్నాడు. వాలాడు, ఊగాడు, కళ్ళు మూసుకున్నాడు. చరవడానికి చెయ్యెత్తాడు. కళ్ళు తెరిచి మేనేజరును చూశాడు, ఆ తర్వాత నాయనమ్మను చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లిగా దించి, లేచి, లోపలికి వెళ్ళిపోయాడు.

పాలిష్ మామ భుజానికెత్తబోయిన కుర్చీని అక్కడే వదిలేశాడు. "పెద్దాయన మాట పడలేదు. నేను బండెక్కించను."

"కుర్చీలో ఏదైనా లోపమా?" అన్నాడు మేనేజరు.

"లోపం కుర్చీలో లేదు" అంది నాయనమ్మ, నాన్న వైపు చూస్తూ.

రేపు సాయంత్రం వస్తాను, అప్పటికీ కాకపోతే వేరే దుకాణం చూసుకుంటాను అని చెప్పి మేనేజరు వెళ్ళిపోయాడు.

మర్నాడు గుమ్మం పక్క కుర్చీ ఖాళీ. తాతయ్య లోపల మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. టీ ఇస్తే తలూపాడు. ఇల్లంతా కరెంటు పోయిన రేడియోలా ఉంది. ఉండబట్టలేక, మెత్తలకు కుట్లు విప్పుతున్న నాయనమ్మ పక్కన చేరాను.

"ఇంత ఇంగ్లీషు కడుపులో పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఒక్క ముక్కతో ఎందుకు సరిపెట్టావే?"

"అప్పటికి నువ్వు నా నడుమెత్తు లేవు. మీ తాతయ్యకు జబ్బు చేసి లేచేసరికి మాటలన్నీ పోయాయి. పొద్దస్తమానం సోఫా సెట్టు, డైనింగ్ సెట్టు అని అరిచేవాడుగా, ఆ ఒక్క ముక్కా మిగిలింది. మంచినీళ్ళకీ అదే, నన్ను పిలవాలన్నా అదే. వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఆ చూపులు చూసి అదీ మానేశాడు మహానుభావుడు."

"అయితే?"

"అయితే ఏముంది, నేను మొదలుపెట్టాను. ఒక్కళ్ళంటే జబ్బంటారు. ఇద్దరంటే అలవాటంటారు. వీధి వీధంతా అంటే అది భాషేగదే మొద్దూ."

"అందరూ నిన్ను చూసి నవ్వారు కదా."

"నవ్వనీ. ఎక్స్‌ఛేంజిలో లైను కలవకపోతే ఎంతమంది చేత తిట్లు తిన్నానో నీకేం తెలుసు."

తలుపు వెనక డబ్బా చప్పుడైంది. నాన్న. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలీదు. జబ్బు సంగతి ఆయనకు తెలుసు. నాయనమ్మకు ఆ మాట ఊరికే అంటుకుందనుకున్నాడట, అంతే.

"నాకొక్క ముక్క చెప్పకూడదా అమ్మా."

"చెప్తే నువ్వూ ఆ మాట జాలిపడుతూ అనేవాడివి. జాలిని ఆయన ఇట్టే పసిగడతాడు. విసుక్కుంటూ అనాలి. అది నీకు బాగా వచ్చు."

సాయంత్రం మేనేజరు గుమ్మంలో అడుగుపెట్టగానే నాన్న వీధి చివరికి వినపడేలా కేకేశాడు. "ఏం మామా, పాలిష్ సెట్టా?"

"సెట్టే."

"అమ్మాయ్, కవరు?"

"సెట్ నాన్నా."

మేనేజరు మా ముగ్గురినీ చూసి సంచీ గట్టిగా పట్టుకున్నాడు. నాయనమ్మ టీ చేతికిచ్చి, చెవిలో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన లోపలి గది వైపు ఒకసారి చూసి, టై వదులు చేసుకుని, గుక్కెడు తాగాడు.

"సెట్, మేడమ్" అన్నాడు గట్టిగా.

లోపల మంచం కిర్రుమంది. తాతయ్య గడపలో నిలబడి మా మొహాలన్నీ వరసగా వెతికాడు. నేను చెప్పుల వైపు చూశాను, నవ్వు వస్తుందని.

"ఎంతసేపు నాన్నా" అన్నాడు మా నాన్న, నిజంగా విసుగ్గా. "అవతల బండివాడు పోతానంటున్నాడు. సెట్టో కాదో తేల్చు."

తాతయ్య మొహం విప్పారింది. వచ్చి కూర్చున్నాడు. వాలాడు, ఊగాడు, కళ్ళు మూసుకున్నాడు. మమ్మల్ని ఏడిపించడానికే అనుకుంటాను, మామూలుకన్నా ఎక్కువసేపు మూసుకున్నాడు. చేతి మీద ఫెళ్ళుమని ఒక్కటి చరిచాడు.

"సెట్."

ఆర్డరు వచ్చింది. ఇప్పుడా మేనేజరు ఫోను చేసినా హలో అనడు. మీకు తెలుసుగా ఏమంటాడో.

మొన్న నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఇంగ్లీషు నేర్పమని బతిమాలాను.

"మొదటి పాఠం, సెట్" అంది.

"అది వచ్చు కదా. రెండో పాఠం చెప్పు."

"అది మీ తాతయ్య చెప్తాడు, పో."

గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగాను. తాతయ్య కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. కుర్చీ చేతి మీద ఒక్కటి చరిచాడు.

"సెట్."

ఇద్దరూ నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. ఈసారి నేను అద్దం దగ్గరికి పరుగెత్తలేదు.