చింతపండు పట్టించిన చక్రాలు

కారు చక్రాన్ని అద్దంలా మెరిపించడం పెద్ద విద్యేం కాదండీ. ఓపికుండాలి, ఒళ్ళు హూనం చేసుకోవాలి, అంతే. అల్యూమినియం చక్రం ఊడదీసి, కడిగి, వాటర్ పేపరుతో రుద్దాలి. గరుకు కాగితంతో మొదలుపెట్టి నున్నటి కాగితం దాకా రావాలి. ఆ తర్వాత మిషనుకి గుడ్డ బిగించి, పాలిష్ పట్టించి, మన మొహం మనకి కనపడేదాకా తిప్పాలి. భీమవరం బైపాసు పక్కన రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా నేను వెలగబెడుతున్నది ఇదే. ఎవరైనా "భలే మెరిపించారండీ" అంటే ఒకప్పుడు పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు మెరిసింది కదా, ఇక బయల్దేరండి, నన్ను కాసేపు కూర్చోనివ్వండి అనిపిస్తుంది.

నీరసం వయసు వల్ల ఒక్కటే కాదు. మిషను అదురుకి కుడిచెయ్యి తిమ్మిరెక్కడం రెండేళ్ళ క్రితం మొదలైంది. మొదట్లో దులిపితే పోయేది. తర్వాత తర్వాత దులిపినా పోవడం మానేసింది. రాజమండ్రిలో డాక్టరుగారు చూసి, "మిషను మానెయ్యండి. ఇలాగే నడిపితే వేళ్ళకి స్పర్శ పోతుంది. పోతే మళ్ళీ రాదు" అన్నారు. అలాగేనండీ అని బస్సెక్కి వచ్చేసి, మర్నాడు పొద్దున్నే మిషను ఆన్ చేశాను. మా ఆవిడతో మాత్రం "నరాల నీరసంట, బిళ్ళలిచ్చారు" అని చెప్పాను. ఏం చెయ్యమంటారు? నాకు ఇంకో పని రాదు. ఈ చెయ్యి పోతే నేనంటూ మిగిలేదేముంది అని భయం. ఆ భయంతోనే ఇంకా గట్టిగా రుద్దేవాణ్ణి, బుద్ధి లేక.

పోయిన శ్రావణంలో చేపల చెరువుల రైతు ఒకాయన తెల్ల కారులో వచ్చారు. దిగీ దిగకుండానే, "మా అమ్మ చేసిన ఘనకార్యం చూడండి" అన్నారు. నాలుగు చక్రాలూ మాడిన మూకుళ్ళలా ఉన్నాయి. కొత్తగా కొన్న కారు, ఎల్లుండి అన్నవరం తీసుకెళ్ళి వ్రతం చేసుకుని, బండికి పూజ చేయించాలనుకున్నారట. దేవుడి దగ్గరికి వెళ్ళే బండి కదా అని ఆయన తల్లిగారు, పూజసామాను తోమినట్టే చింతపండూ ఉప్పూ కలిపి చక్రాలకి దట్టంగా పట్టించి, బాగా నానాలని వదిలేశారు. ఇత్తడైతే ధగధగలాడేది. ఇది అల్యూమినియం, పైన పూత కూడా లేని రకం. పులుపు కాస్తా తినేసింది.

ఆవిడ వెనకసీట్లోంచి దిగి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడ్డారు. డెబ్భై దాటి ఉంటాయి. "ఈ వయసులో ఓ మూల కూర్చోవచ్చు కదండీ, వినదు" అని కొడుకు నాతో అంటుంటే, ఆవిడ చక్రాల వంకే చూస్తున్నారు.

"పోతుందా బాబూ?" అని మెల్లిగా అడిగారు.

"పోతుందమ్మా, కూర్చోండి" అన్నాను. ఆవిడ మొహం చూసి అన్నాను గానీ, ఆ నలుపు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఒక్కో చక్రానికి మూడు గంటలకి తక్కువ పట్టదు. కొడుకు ఎవరిదో బండెక్కి చెరువుల మీదకి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం, బాగయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలనని కుర్చీలో కూర్చున్నారు.

మొదటి చక్రం అయ్యేసరికి ఆవిడకి కాస్త ధైర్యం వచ్చింది. "ఇంతాచేసి నీదీ మా పనేనయ్యా. అంట్లు తోమడం" అన్నారు. "అవునమ్మా, గిన్నెలే కాస్త పెద్దవి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

రెండోది కూడా పూర్తిచేసి మిషను ఆపాను. నునుపు ఎలా వచ్చిందో చూద్దామని బొటనవేలూ చూపుడువేలూ అంచు మీద ఆనించి, సాయంత్రానికి మూడోది కూడా అయిపోతుందని ఆవిడతో చెబుతున్నాను.

"అయ్యో, చెయ్యి! చెయ్యి తియ్యి నాయనా!" అని ఆవిడ లేచి నా మణికట్టు పట్టుకుని లాగేశారు.

మిషను రాపిడికి చక్రం కాలిపోతోంది. రెండు వేళ్ళ మీదా చర్మం తెల్లగా పొంగింది. ఆవిడ తన సీసాలో నీళ్ళు నా చేతి మీద పోస్తూ, "మంట లేదూ?" అన్నారు.

"లేదమ్మా."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మూడు నెలలుగా ఇలాగే ఉందని చెప్పేశాను. ఇంట్లో తెలుసా అని ఆవిడ అడిగితే తల అడ్డంగా ఊపాను.

"నేనూ అంతే. వాడు చూసేలోపు కడిగేద్దామని నిన్న నాలుగు బిందెల నీళ్ళు పోశాను" అన్నారు ఆవిడ.

కొడుకు వచ్చి, "రెండే అయ్యాయా?" అన్నారు.

"రెండు చాలు. మిగతావి అలాగే ఉండనీ" అన్నారు తల్లి.

"ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగానా! చూసినవాళ్ళు ఏమనుకుంటారమ్మా?"

"మా అమ్మ తోమిందని చెప్పు."

ఆయన ఇంకేదో అనబోయి నా చెయ్యి చూశారు. స్పానరు తనే అందుకుని, రెండు చక్రాలూ తనే బిగించుకున్నారు. అలాంటి బండిని నా షెడ్డులోంచి పంపడం ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ లేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా అలసటనిపించింది.

ఎండ ఉండగానే షట్టరు దించి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. చెప్పులైనా విప్పకుండా అంతా చెప్పేశాను, డాక్టరుగారన్న మాటతో సహా. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. చేతులు దులుపుకుని నా పక్కకి జరిగింది.

"ఒకసారి కళ్ళు మూసుకోండి" అంది. మూసుకున్నాను.

"ఏ వేళ్ళు పట్టుకున్నానో చెప్పండి."

కాసేపు ఆగాను. "ముందు పట్టుకోవే, అప్పుడు కదా చెప్పేది" అన్నాను.

కళ్ళు తెరిచాను. కాలని మూడు వేళ్ళూ తన గుప్పిట్లో ఉన్నాయి. తన బలమంతా పెట్టి నొక్కుతోంది.