ఇంటిపేరు తెచ్చిన చెవుడు

హిందూపురం స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కేసరికి ఉదయం ఏడు దాటింది. మా ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కాస్తో కూస్తో వినపడే కుడిచెవి వైపు నేను కూర్చున్నాను. ఎడమ చెవికి ఉరుమైనా ఒకటే. సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. ఆ చెవుడు ఫిరంగుల వల్ల వచ్చిందని ఒప్పుకోమంటే, వైద్యుల బోర్డు 'వంశపారంపర్యం' అని రాసిపారేసింది. దాంతో వైకల్యపు పింఛను లేదు. చెవిటివాడిగానే సైన్యంలో చేరాడన్న మాట మాత్రం మిగిలింది.

తప్పు ఈయనదే. మా ఇంటిపేరు చెవిటి. పరీక్షరోజు డాక్టరు పేరుకు అర్థం అడిగితే, ఈ మహానుభావుడు నవ్వుతూ "మాది చెవిటోళ్ళ వంశం సార్" అని హిందీలో చెప్పి వచ్చాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. అప్పీలుకు వంశంలో చెవుడు లేదని ఇంటి పెద్ద ఒకరు, అది ఫిరంగుల దగ్గరే వచ్చిందని తోటి సిపాయి ఒకరు రాసివ్వాలన్నాడు వకీలు. అందుకే ఈ ప్రయాణం.

ఎదుటి సీటులో గొర్రెల వ్యాపారి ఒకడు పలకరించాడు.

"ఏమప్పా, యాడికి పోతాండారు?"

"ఎనిమిది గావస్తాంది" అన్నాడు మా ఆయన. పాపం, ఆ వ్యాపారి తన గడియారం కూడా చూసుకున్నాడు.

పెనుకొండలో దిగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. రుచికి వంక లేదు గానీ కారం గూబ అదరగొట్టింది, ఈ దారిన వచ్చేవారు మజ్జిగ కూడా చెప్పుకోండి. మా ఆయన మేనత్త ఇల్లు కోటగోడకు దగ్గర. తొంభైకి దగ్గరపడినా ఆమెకు నా గొణుగుడు కూడా వినపడింది.

"మన ఇంట్లో చెవుడు యాడిదమ్మా?" అంది. "మా తాతను దొరలు వెట్టికి పిలిస్తే, వినపడనట్టు గొర్రెలు తోలుకొని కొండెక్కుతాండె. పిలిచి పిలిచి చెవిటోడనిరి. పేరు అట్లే నిలిచిపాయె."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్త చెప్పినదంతా రాసి, ఆమె వేలిముద్ర తీసుకున్నాం.

మధ్యాహ్నం బస్సు పట్టుకుని ధర్మవరం చేరాం. తోటి సిపాయి ఇప్పుడు పట్టుచీరలు నేస్తున్నాడు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి మా ఆయనను కావలించుకున్నాడు. మా ఆయన మగ్గం మీది చీర చూస్తూ లోపలే ఉండిపోయాడు. మేమిద్దరం అరుగు మీద కాగితం ముందు పెట్టుకున్నాం.

"ఫిరంగులు పేల్చే ఆ పొద్దు చెవుల్లో పెట్టుకునే బిరడాలు నావి యాడనో పడిపాయె వదినా. అన్న తనవి తీసి నా చెవుల్లో పెట్టినాడు. సాయంత్రానికి ఆయప్ప చెవిలోంచి నెత్తురు. ఇదీ రాస్తా."

బిరడాలు తీసింది ఈయనే అని రాస్తే, తప్పు ఈయనదే అంటారేమో! ఆ మాటే అడిగాను.

"జరిగిందే గదా వదినా. ఈ పొద్దుకీ నాకు మగ్గం చప్పుడు వినపడతాందంటే ఆయప్ప చలవే."

రాయమన్నాను. ఎవరేమనుకున్నా సరే, రాయమన్నాను.

సాయంత్రం తిరుగు రైల్లో మా ఆయన అడిగాడు. "వాడేం చెప్పినాడు?"

చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను. పెట్టెలో అందరూ విన్నారు. "ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదు? నీవి వానికెందుకిచ్చినావు?"

"వానికి అప్పుడే పెండ్లి కుదిరిండె. కొత్త పెండ్లాం మాటలు వినాల గదా."

"మరి నా మాటలో?"

"నీ మాటకేమి, పెనుకొండ కోట దాకా వినపడతాది."

పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. బోర్డు ఏం తేలుస్తుందో తెలియదు. హిందూపురం వచ్చేదాకా నేను మాత్రం ఆ చెవిలో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో అడిగితే చెప్పలేను.