దెబోరమ్మ కొన్న సొరకాయ

శంషాబాద్ అంగడి రోజున ఊరంతా సంచులు పట్టుకుని నడుస్తుంటే, దెబోరమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని విత్తనానికి దాచే చిక్కుడుగింజలకు బూడిద పట్టించేది. దొడ్లో పండింది వండుకోవడం, మిగిలింది ఒరుగులుగా ఎండబెట్టుకోవడం. ముప్పై ఏళ్లలో ఒక్క కూరగాయ కొని ఎరగదు. ఎవరూ అడగకపోయినా ఆ మాట అందరికీ చెప్పేది. విత్తనానికి వదిలిన కాయకు ఎర్రగుడ్డ కట్టేది. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టేవారు కాదు. తొంభై నాలుగులో, పంటలో కొంత దేవుడికిచ్చే కోతపండుగకు మాత్రం కొత్తకోడలు సుగుణ ఆ గుడ్డ విప్పేసి, సొరకాయను చర్చిలో కానుకగా పెట్టేసింది.

"దేవునికి పెద్దదే ఇయ్యాలె గద అత్తమ్మా" అంది. పాదుకు మిగిలిన ఒకే ఒక్క విత్తనపు కాయ అది. దేవుడికిచ్చింది వెనక్కి అడగకూడదు. అది పోతే వచ్చే ఏడు పాదే లేదు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద యెషయా కానుకలు వేలం వేస్తూ సొరకాయ పైకెత్తాడు. ఎవరో పది రూపాయలన్నారు.

"పదిహేను" అంది దెబోరమ్మ. చర్చంతా వెనక్కి తిరిగింది.

"ఏంది దెబోరక్కా, నువ్వు కూరగాయ కొంటున్నవా?" యెషయా నవ్వాడు.

"కొంటున్న. నవ్వుడు ఆపి జర కాయ ఇటియ్యి తమ్మీ."

ఆ ఏటి నుంచి ఆమె చెప్పే మాట కాస్త మారింది: "ముప్పై ఏండ్లల్ల ఒక్క కాయే కొన్న. అది గూడ నా పాదుదే."