పందికొక్కు చుట్టూ ఎర్ర సున్నా

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో కూర్చొని ఇంగ్లిష్ పేపర్లు దిద్దుతున్న. గాదెలో వడ్లు తిన్నదేందో రాయమంటే, ఒక పిల్ల ఇంగ్లిష్ అక్షరాల్లో ‘పందికొక్కు’ అని రాసింది. దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టిన. “బ్యాండికూట్ అని ఎన్నిసార్లు చెప్పినా ఈ పిల్లలకు నోరే తిరగదు” అని పైకే విసుక్కున్న.

పక్క సీట్ల పెద్దాయన ఒళ్లో చిరిగిన గోనెసంచి పెట్టుకొని దబ్బనంతో కుడుతున్నడు. తలెత్తిండు.

“ఏందమ్మా అది?”

“బ్యాండికూట్. మీ సంచులు కొరికేదే.”

ఆ మాటను రెండుసార్లు మెల్లగ పలికి నవ్విండు. “గది మన పందికొక్కే గదమ్మా! పాపం, ఇంగ్లిషోళ్లకు నోరు తిరగక గట్ల అన్నట్టున్నరు.”

కాదని చూపిద్దామని ఫోన్‌లో డిక్షనరీ తీసిన. మాట పుట్టుక దగ్గర రాసి ఉంది: తెలుగు, పందికొక్కు.

ఇంకోసారి చదివిన. కిటికీ అవతల అడవి మొదలైంది. ఏ తెల్లదొర ఏ గాదె కాడ నిలబడి, ఎవరిని అడిగిండో! చెప్పిన మనిషి ఊరు దాటిండో లేదో, ఆయన మాట మాత్రం సముద్రాలు దాటింది.

నేను తలెత్తేసరికి పెద్దాయన సంచి మడిచి దిగిపోతున్నడు.

సున్నా కొట్టేసి మార్కు వేసిన. ఇరవై ఏండ్లల్ల ఇసొంటి సున్నాలు ఎన్ని చుట్టిన్నో.